యెమెన్ యుద్ధంలో ఆకలి: హుదైదా రేవు, కేంద్ర బ్యాంకు, విదేశాంగ విధానం

2015 మార్చి 26న సౌదీ అరేబియా నాయకత్వంలోని సైనిక కూటమి యెమెన్‌పై వైమానిక దాడులు ప్రారంభించేనాటికి ఆ దేశం తాను తినే గోధుమల్లో దాదాపు 90 శాతాన్ని బయటి నుంచి ఓడల మీద తెచ్చుకుంటూ ఉండేది. అక్కడి మానవతా సంక్షోభాన్ని అర్థం చేసుకోవడానికి బాంబుల లెక్క కన్నా ఈ విషయమే సరైన ప్రారంభస్థానం. ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం వేసిన అంచనా ప్రకారం 2021 చివరికి ఈ యుద్ధం 3,77,000 మందిని బలిగొనగా, వారిలో దాదాపు 60 శాతం మంది ఆయుధాల వల్ల కాక ఆకలి, వ్యాధులు, వైద్యం అందకపోవడం వంటి పరోక్ష కారణాల వల్ల మరణించారు. ఈ మరణాలను యుద్ధం వెంట సహజంగా వచ్చే అనర్థంగా చూపడం పరిపాటి. కానీ ఆహారం వచ్చే దారిని, దాన్ని కొనే డబ్బును అదుపులో పెట్టుకోవడానికి ఉభయపక్షాలూ (కూటమి మద్దతున్న ప్రభుత్వం, హూతీ తిరుగుబాటుదారులు), వాటి వెనుక ఉన్న విదేశీ ప్రభుత్వాలూ తీసుకున్న నిర్ణయాల ఫలితమే ఆ ఆకలి అన్నది ఈ వ్యాసం వాదన.

ఇందుకు సైద్ధాంతిక ఆధారం అమర్త్యసేన్ 1981లో ప్రకటించిన ‘పావర్టీ అండ్ ఫామిన్స్’ గ్రంథంలో ఉంది. 1943 నాటి బెంగాల్ కరవును పరిశీలించి, ఒక ప్రాంతంలో ఎంత ధాన్యం ఉందన్నదాని కన్నా, కూలి ద్వారా గానీ వ్యాపారం ద్వారా గానీ జీతం ద్వారా గానీ ఆ ధాన్యాన్ని న్యాయబద్ధంగా పొందగల అర్హత ఎవరికి మిగిలిందన్నదే కరవును నిర్ణయిస్తుందని ఆయన నిరూపించారు. యెమెన్ అంగళ్లలో యుద్ధకాలమంతటా గోధుమపిండి బస్తాలు కనిపిస్తూనే ఉన్నాయి. వాటిని కొనగలిగినవారే రానురాను తగ్గిపోయారు. సేన్ పరిశీలించిన కరవులో ధరలు, కూలిరేట్లు ప్రధాన పాత్ర వహిస్తే, యెమెన్‌లో ఆ అర్హతను ఆజ్ఞల ద్వారా, తనిఖీల ద్వారా, కేంద్ర బ్యాంకు తరలింపు ద్వారా తొలగించడం జరిగింది.

విదేశాంగ నిర్ణయం నేరుగా యెమెన్ వంటింటిని తాకడం 2015తో మొదలు కాలేదు. ఉత్తర, దక్షిణ యెమెన్‌లు ఏకమైన 1990లోనే, కువైట్‌ను ఆక్రమించిన ఇరాక్‌పై బలప్రయోగానికి అనుమతినిచ్చే 678వ తీర్మానానికి వ్యతిరేకంగా భద్రతామండలిలో ఆ దేశం ఓటు వేసింది. అమెరికా వెంటనే సహాయాన్ని దాదాపు నిలిపివేసింది. ఇరాక్ విషయంలో యెమెన్ వైఖరికి ప్రతిగా సౌదీ అరేబియా ఆ ఓటుకు ముందే తన గడ్డ మీద పనిచేసుకుంటున్న లక్షలాది యెమెనీలకు అంతకుముందున్న నివాస సౌకర్యాలను రద్దుచేయడంతో ఎనిమిది లక్షల మందికి పైగా వెనుదిరిగారు. వారు ఇంటికి పంపే సొమ్ము మీద బతికిన పల్లెలు మళ్లీ పూర్తిగా కోలుకోలేదు. పుట్టిన ఏడాదే ఇంత దెబ్బ తిన్న రాజ్యం తరువాతి కాలంలో బలహీనంగా ఎందుకు ఉండిపోయిందో వివరించేటప్పుడు అధ్యక్షుడు అలీ అబ్దుల్లా సాలెహ్ పాలనలోని అవినీతితో పాటు దీన్నీ లెక్కలోకి తీసుకోక తప్పదు.

ఉత్తర ప్రాంతపు సాదా కొండల్లో జైదీ షియా శాఖకు చెందిన హూతీ ఉద్యమం 2004 నుంచి 2010 వరకు ప్రభుత్వంతో ఆరుసార్లు యుద్ధం చేసింది. 2011 ప్రజా తిరుగుబాటు తరువాత సాలెహ్ గద్దె దిగగా, ఏకైక అభ్యర్థిగా ఎన్నికైన అబ్ద్ రబ్బు మన్సూర్ హాదీ పాలన నిలదొక్కుకోకముందే, 2014 సెప్టెంబరు 21న హూతీలు తమ పాత శత్రువైన సాలెహ్‌తోనే చేతులు కలిపి రాజధాని సనాను వశపరచుకున్నారు. హాదీ ఏడెన్‌కు, అక్కడి నుంచి రియాద్‌కు వెళ్లిపోవడంతో కూటమి రంగంలోకి దిగింది. 2015 ఏప్రిల్ 14న భద్రతామండలి ఆమోదించిన 2216వ తీర్మానం హూతీలను ఆయుధాలు విడిచి వెనక్కి వెళ్లమని ఆదేశించి, వారికి ఆయుధ సరఫరాను నిషేధించింది. రష్యా ఒక్కటే ఓటింగుకు దూరంగా నిలిచింది. ఆయుధాలను ఆపడానికి ఓడలను తనిఖీ చేయమని చెప్పిన ఆ వాక్యాలే, కూటమి చేతిలో ఆహారం, ఇంధనం తెచ్చే ఓడలన్నింటినీ ఆపగల అధికారంగా మారాయి.

దేశ దిగుమతుల్లో దాదాపు 70 శాతం ఎర్రసముద్రం ఒడ్డునున్న హుదైదా, దానికి ఉత్తరాన ఉన్న సలీఫ్ రేవుల గుండానే వచ్చేవి. 2015 ఆగస్టులో జరిగిన వైమానిక దాడిలో హుదైదాలోని నాలుగు పెద్ద క్రేన్లు పనికిరాకుండా పోయాయి. వాటి స్థానంలో అమెరికా సహాయంతో ప్రపంచ ఆహార కార్యక్రమం కొన్న నాలుగు సంచార క్రేన్లను మోసుకొచ్చిన ఓడను 2017 జనవరిలో కూటమి వెనక్కి పంపింది; అవి రేవుకు చేరడానికి మరో ఏడాది పట్టింది. 2016 మే నుంచి జిబూటిలో ఐక్యరాజ్యసమితి తనిఖీ విభాగం పనిచేస్తున్నప్పటికీ, అక్కడ అనుమతి పొందిన ఓడ కూడా కూటమి తన సొంత అనుమతి ఇచ్చేదాకా సముద్రంలోనే లంగరు వేసుకుని ఉండవలసి వచ్చేది. అలా నిలిచిన ప్రతి రోజుకూ ఓడ యజమానికి చెల్లించవలసిన డెమరేజ్, యుద్ధప్రాంతమని పెంచిన బీమా రుసుము దిగుమతిదారు లెక్కలోకి ఎక్కి, అతని నుంచి టోకు వ్యాపారికి, చివరకు పిండి కొనే ఇల్లాలి మీదికి చేరేవి. ఇంధన ఓడలు ఆగినప్పుడు నష్టం మరింత విస్తరించేది. డీజిల్ లేకపోతే లారీ కదలదు, పిండిమర తిరగదు, ఊరి నీటి పంపు పనిచేయదు. 2017 ఏప్రిల్ తరువాత విజృంభించిన కలరా ఆ ఏడాది ముగిసేలోగా పది లక్షల అనుమానిత కేసులకు చేరడంలో ఈ నీటి సరఫరా వైఫల్యానికి పెద్ద భాగం ఉంది. రియాద్ వైపు హూతీలు క్షిపణి ప్రయోగించారన్న కారణంతో 2017 నవంబరు 6న రేవులు, విమానాశ్రయాలు అన్నింటినీ మూసివేయడం ఈ పద్ధతికి పరాకాష్ఠ.

రేవు కన్నా తక్కువ చర్చకు వచ్చినా అంతకన్నా లోతుగా దెబ్బతీసింది కేంద్ర బ్యాంకు విభజన. యుద్ధం తొలి ఏడాదిన్నరలో సనాలోని కేంద్ర బ్యాంకు ఇరుపక్షాల ప్రాంతాల్లోని ఉద్యోగులకూ జీతాలు చెల్లిస్తూ, ఆహార దిగుమతిదారులకు డాలర్లు సమకూరుస్తూ వచ్చింది. ఆ నిధులు హూతీల సైనిక ఖర్చులకు మళ్లుతున్నాయని ఆరోపిస్తూ హాదీ ప్రభుత్వం 2016 సెప్టెంబరులో బ్యాంకు ప్రధాన కార్యాలయాన్ని ఏడెన్‌కు మార్చింది. దాంతో దాదాపు 12 లక్షల ప్రభుత్వోద్యోగుల్లో అత్యధికులకు జీతాలు ఆగిపోయాయి. ఒక్కొక్క జీతం మీద ఒక కుటుంబమంతా ఆధారపడే సమాజంలో ఉపాధ్యాయుడు, నర్సు, పారిశుద్ధ్య కార్మికుడు ఒక్కసారిగా కొనుగోలుశక్తి కోల్పోయారు. యుద్ధానికి ముందు డాలరుకు 215 దగ్గర ఉన్న రియాల్ 2018 చివరి నెలల్లో 700 దాటిపోయింది. 2020 ప్రారంభం నాటికి ఏడెన్ ముద్రించిన కొత్త నోట్లను హూతీలు తమ ప్రాంతంలో నిషేధించగా, ఒకే దేశంలో ఒకే పేరుగల కరెన్సీకి రెండు మారకపు విలువలు ఏర్పడ్డాయి. ఏడెన్ నుంచి సనాలోని తల్లికి కొడుకు పంపే సొమ్ములో చెప్పుకోదగ్గ భాగం ఈ తేడాకే కరిగిపోయింది. బాంబు దాడులంత ఖండన ఎదుర్కోకుండా జరిగిన ఈ విధ్వంసాన్ని పరిశోధకులు వైమానిక దాడులతో సమానంగా పట్టించుకోవలసి ఉంది.

కూటమి బాధ్యతను ఎత్తిచూపినంత మాత్రాన హూతీల బాధ్యత తగ్గదు. తయిజ్ నగరాన్ని ఏళ్ల తరబడి దిగ్బంధించింది, పొలాల్లో మందుపాతరలు పాతింది, ఏడెన్‌లో ఒకసారి సుంకం కట్టి వచ్చిన లారీ నుంచి మళ్లీ సుంకం వసూలు చేసింది వారే. సహాయధాన్యం పక్కదారి పడుతున్నదని ప్రపంచ ఆహార కార్యక్రమం 2019 జూన్‌లో సనాలో పంపిణీని పాక్షికంగా నిలిపివేయవలసి వచ్చింది.

ఈ రెండు వైపుల ఒత్తిడి ఎలా పనిచేసిందో హుదైదా నగరపు అంచున ఉన్న రెడ్ సీ మిల్స్ చరిత్ర స్పష్టంగా చూపుతుంది. 2018 జూన్‌లో కూటమి బలగాలు హుదైదాపై దాడి మొదలుపెట్టగా, సెప్టెంబరు నాటికి ఆ మిల్లు ఇరుసేనల మధ్య చిక్కుకుపోయింది. 37 లక్షల మందికి ఒక నెలకు సరిపోయే 51,000 టన్నుల గోధుమలు దాని గోదాముల్లో ఉన్నాయి. 2018 డిసెంబరు 13న స్వీడన్‌లో ఐక్యరాజ్యసమితి దూత మార్టిన్ గ్రిఫిత్స్ మధ్యవర్తిత్వంతో కుదిరిన స్టాక్‌హోమ్ ఒప్పందం నగరాన్ని పెను యుద్ధం నుంచి కాపాడింది గానీ మిల్లుకు దారిని వెంటనే తెరవలేదు. 2019 జనవరిలో కాల్పుల వల్ల చెలరేగిన మంటల్లో కొంత ధాన్యం కాలిపోయింది. ఫిబ్రవరి 26న అధికారులు లోపలికి వెళ్లేసరికి మిగిలినది పురుగుపట్టి, మందు పొగవేస్తే గానీ మర ఆడించడానికి వీల్లేని స్థితిలో ఉంది. ఒప్పందం కుదిరిన 2018 డిసెంబరులోనే, ఆహార భద్రతను అయిదు దశలుగా కొలిచే అంతర్జాతీయ వర్గీకరణ, దేశ జనాభాలో సగానికి పైగా, అంటే కోటీ 59 లక్షల మంది మూడవ దశకో అంతకన్నా తీవ్ర దశకో చేరారని లెక్కతేల్చింది. అయినా కరవు ప్రకటన రాలేదు. అందుకు ఒక ప్రాంతంలోని కుటుంబాల్లో అయిదో వంతు తీవ్ర ఆహార లేమికి గురికావడం, పిల్లల్లో 30 శాతం మించి తీవ్ర పోషకాహార లోపం, రోజుకు పదివేల మందికి ఇద్దరి మరణం అనే మూడు ప్రమాణాలకూ ఆధారాలు చూపాలి. యుద్ధం నడుస్తున్నచోట మరణాలను లెక్కపెట్టేవారే కరవవుతారు.

విదేశీ రాజధానుల వైఖరి ఈ కాలమంతా రెండు దిక్కులా లాగింది. సౌదీ అరేబియా, యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ 2018లో ఐక్యరాజ్యసమితి సహాయనిధికి 93 కోట్ల డాలర్లు ఇచ్చాయి. ఆ ఏడాదే హుదైదాపై దాడీ చేశాయి. ఆగస్టు 9న సాదా ప్రాంతంలోని దహ్యాన్‌లో బడిపిల్లల బస్సుపై పడి 40 మంది పిల్లల ప్రాణాలు తీసిన బాంబు అమెరికాలో తయారైనది. యుద్ధానికి తోడ్పాటు ఆపాలని అమెరికా కాంగ్రెసు 2019లో చేసిన తీర్మానాన్ని అధ్యక్షుడు ట్రంప్ ఏప్రిల్ 16న వీటో చేశారు. పౌరులను ఆకలితో మాడ్చడాన్ని యుద్ధతంత్రంగా వాడడాన్ని ఖండించిన భద్రతామండలి 2417వ తీర్మానం 2018 మేలోనే వచ్చినా, దాని కింద ఎవరినీ జవాబుదారీ చేయలేదు.

భారత్‌కు, ముఖ్యంగా హైదరాబాద్‌కు, యెమెన్‌తో బంధం పాతది. నిజాం కొలువులో జమేదారుగా ఎదిగిన ఉమర్ బిన్ అవద్ అల్ ఖుఐతీ వంశీయులు యెమెన్‌లోని హదరమౌత్‌లో స్థాపించిన రాజ్యం 1967 వరకు నిలిచింది. హైదరాబాద్‌లోని బార్కస్‌లో హదరమౌత్ అరబ్బుల వారసులు నేటికీ ఉన్నారు. 2015 ఏప్రిల్‌లో ‘ఆపరేషన్ రాహత్’ కింద భారత్ 4,600 మందికి పైగా స్వదేశీయులను, 41 దేశాలకు చెందిన దాదాపు 960 మందిని బయటికి తెచ్చింది. ఏడెన్, హుదైదా రేవులు అందుకు తెరుచుకున్నాయి. పోరాడుతున్న పక్షాలన్నీ ఒప్పుకుంటే ఆ రేవుల్లో రాకపోకలు సాధ్యమేనని ఆ ఘటన రుజువు చేసింది. లోపలికి రావలసిన ధాన్యం విషయంలో ఆ ఒప్పుదల దొరకలేదు.

అది దొరికినప్పుడు ఏమవుతుందో 2022 ఏప్రిల్ 2న మొదలైన కాల్పుల విరమణ చూపింది. రెండు నెలల్లో 18 ఇంధన ఓడలను హుదైదాకు అనుమతించడం, సనా నుంచి వారానికి రెండు వాణిజ్య విమానాలు నడపడం దాని ప్రధాన షరతులు. గడువు అక్టోబరులో తీరినా భారీ పోరు మళ్లీ రాలేదు. 2023 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి దూత హాన్స్ గ్రుండ్‌బర్గ్ ప్రకటించిన మార్గసూచిలో ప్రభుత్వోద్యోగులందరికీ జీతాలు చెల్లించడం ప్రధానాంశంగా చోటుచేసుకుంది. అప్పటికే గాజా యుద్ధం పేరిట హూతీలు ఎర్రసముద్రంలో ఓడలపై దాడులు మొదలుపెట్టారు. ప్రతిగా అమెరికా, బ్రిటన్ బాంబులు వేశాయి. 2024 జూలై 20న ఇజ్రాయెల్ హుదైదా రేవులోని ఇంధన ట్యాంకులను తగలబెట్టింది. అదే జూలైలో సనాలోని బ్యాంకుల అనుమతులను ఏడెన్ కేంద్ర బ్యాంకు రద్దు చేయడంతో హూతీలు ఏడెన్ ప్రభుత్వానికి అండగా ఉన్న సౌదీ అరేబియాను బహిరంగంగా హెచ్చరించారు. జూలై 23న కుదిరిన అవగాహన ప్రకారం ఆ రద్దును వెనక్కి తీసుకోవడంతో ముప్పు తప్పింది. బ్యాంకు మాత్రం ఇప్పటికీ రెండు నగరాల్లో రెండుగానే ఉంది. మార్గసూచిలోని జీతాల నిబంధన అమలు కాలేదు.