కల్లెడ అమ్మాయి ఒక్క చుట్టు

ఆడపిల్లల పరుగుపందెం అనగానే మన ఇళ్ళలో పెద్దలకు గుర్తొచ్చేది పి.టి. ఉష. 1984లో లాస్ ఏంజిలిస్‌లో 400 మీటర్ల హర్డిల్స్‌లో ఆమెకు సెకనులో నూరోవంతు తేడాతో పతకం తప్పిన సంగతి ఇప్పటికీ చెప్పుకుంటారు. అదే దూరంలో, హర్డిల్స్ లేని పరుగులో, మన తెలుగమ్మాయి 2024లో ప్రపంచ రికార్డు నెలకొల్పితే ఇక్కడ అరోరాలో ఎంతమందిమి చెప్పుకున్నాం?

ఆ అమ్మాయి జీవాంజి దీప్తి. 2003లో వరంగల్ జిల్లా కల్లెడలో నిరుపేద కుటుంబంలో పుట్టింది. పుట్టుకతోనే బుద్ధి ఎదుగుదల తక్కువ. ఊళ్ళో కొందరు "పిచ్చిది", "కోతి" అనేవారని, అనాథాశ్రమంలో వదిలెయ్యమని కూడా చెప్పారని తల్లే విలేకరులతో అన్నది. ఖమ్మం పోటీల్లో ఆమె పరుగు చూసిన కోచ్ నాగపురి రమేష్ హైదరాబాదు పంపమంటే, బస్సు చార్జీలకు కూడా డబ్బు లేదు. ఆయన పూనుకోకపోతే ఈ వ్యాసమే లేదు.

దీప్తి పరిగెత్తేది టి-20 విభాగంలో. ఐక్యూ 75కు మించనివారికి, అనేక పరీక్షల తర్వాతే అందులో ప్రవేశం. చూడ్డానికి ఏ లోపమూ కనిపించదు గనుక "వీళ్ళకేం?" అనిపిస్తుంది. డాక్టరుగా ఒక మాట చెప్తాను. 400 మీటర్లు కాళ్ళతోబాటు లెక్కతో పరిగెత్తాలి. మొదట్లోనే బలమంతా ఖర్చుపెడితే చివరి నూరు మీటర్లలో కాళ్ళు కదలవు. ఎక్కడ దాచుకోవాలి, ఎక్కడ వాడాలి అన్న ఆ లెక్కే వీళ్ళకు కష్టం.

2023 అక్టోబరులో హాంగ్‌ఝౌ ఆసియా పారా క్రీడల్లో 56.69 సెకన్లతో స్వర్ణం. 2024 మే 20న జపాన్‌లోని కోబేలో 55.07. అంతకుముందు రికార్డు 55.12, అమెరికా అమ్మాయి బ్రియానా క్లార్క్‌ది. ఆమెకు నాలుగేళ్ళప్పుడే ఆటిజం అని తేలింది. తల్లి రోజలిన్ మన పక్కనే షికాగోలో పుట్టి, 1976 మాంట్రియల్ ఒలింపిక్స్ రిలేలో రజతం గెలిచిన మనిషి; కూతురికి కోచ్ కూడా ఆవిడే. దాచిపెట్టలేదు, దగ్గరుండి పరిగెత్తించింది.

మన సంగతి వేరు. ఉగాదికీ దీపావళికీ పిల్లలందరూ స్టేజి ఎక్కుతారు. ఇలాంటి పిల్లవాడున్న ఇంట్లోవాళ్ళు మాత్రం రారు, వచ్చినా వెనక వరసలో కూర్చుని భోజనాలకు ముందే వెళ్ళిపోతారు. "డాక్టరుగారూ, ఎవరికీ చెప్పకండి" అని నాతో అన్నవాళ్ళున్నారు.

పారిస్ పారాలింపిక్స్‌లో, 2024 సెప్టెంబరు 3న, దీప్తికి 55.82తో కాంస్యం వచ్చింది. స్వర్ణం 55.16కే పోయింది, అంటే కోబేలో పరిగెత్తినట్టు పరిగెత్తి ఉంటే అదీ మనదే! తెలంగాణ ప్రభుత్వం కోటి రూపాయలు, ఉద్యోగం, ఇంటిస్థలం ప్రకటించింది. 2025 జనవరిలో అర్జున అవార్డు అందుకుంది. ఆ ఏడే ఢిల్లీలో జరిగిన ప్రపంచ పోటీల్లో రజతం.

కుటుంబం గడవక ఒకప్పుడు అమ్ముకున్న పొలాన్ని, హాంగ్‌ఝౌ పతకం తర్వాత వచ్చిన డబ్బుతో తిరిగి కొనుక్కున్నారు.