కొండంత సెంటర్, ఖాళీ మూల

లాస్ ఏంజెలెస్ క్లిప్పర్స్, యూటా జాజ్ జట్లు 2021 జూన్ 18న తలపడ్డాయి. బాస్కెట్‌బాల్‌లో బుట్ట దగ్గర కాసే పొడుగు ఆటగాడి, అంటే సెంటర్ బలం ఎక్కడ ఆగిపోతుందో ఆ రాత్రి చూపించింది.

1891లో జేమ్స్ నైస్మిత్ బుట్టను పది అడుగుల ఎత్తున కట్టినప్పటి నుంచే ఈ ఆట పొడుగువాళ్లకు కలిసొచ్చింది. పొడుగు సెంటర్ జార్జ్ మైకన్‌ను కట్టడి చేయడానికి 1951లో బుట్ట ముందరి గడిని 6 అడుగుల నుంచి 12కు, మరో పొడుగు సెంటర్ చాంబర్లెయిన్ కాలంలో 1964లో 16కు వెడల్పు చేశారు. 1979లో అమెరికా లీగ్ ఎన్‌బీఏ మూడు పాయింట్ల గీత గీసి, దూరపు షాట్‌కు విలువ పెంచింది. అసలు మలుపు అదే.

2021కి వద్దాం. యూటా సెంటర్ రూడీ గోబేర్ ఎత్తు 7 అడుగుల 1 అంగుళం. అప్పుడే మూడోసారి ఉత్తమ డిఫెండర్‌గా ఎంపికయ్యాడు. దేవరకొండ కోట గోడలా బుట్ట కింద నిలబడితే దాటేవాడు లేడు. క్లిప్పర్స్ ఆ గోడ జోలికే పోలేదు. గాయంతో కవాయ్ లెనార్డ్ దూరమైనా, పొడుగు సెంటర్‌ను పక్కనపెట్టి అయిదుగురు షూటర్లను దింపింది. గోబేర్ కాయాల్సిన టెరెన్స్ మ్యాన్ మూలకు పోయి నిలబడ్డాడు.

రెజీ జాక్సన్ బంతితో లోపలికి దూసుకొస్తాడు. ముందున్న యూటా డిఫెండర్ వెనకబడిపోతాడు. గోబేర్ అడ్డుపడక తప్పదు. బంతి మూలకు పోతుంది. అక్కడి నుంచి బుట్ట 22 అడుగులు. గోబేర్ చేయి చాచి పరుగెత్తేలోపే మ్యాన్ షాట్ వేసేస్తాడు. 25 పాయింట్లు వెనకబడిన క్లిప్పర్స్ 131-119తో గెలిచింది. మ్యాన్ ఒక్కడే 39 కొట్టాడు, అందులో ఏడు మూడు పాయింట్ల షాట్లు.

నిందంతా గోబేర్ మీద పడింది. అది అన్యాయం. బుట్టా మూలా రెండూ ఒక్కడే ఎలా కాస్తాడు? ముందువరుసకు గండి పడితేనే కదా అతను కదలాల్సి వచ్చింది!

తర్వాతి కథ ఒక దారిన నడవలేదు. 2024 మేలో గోబేర్‌కు నాలుగో అవార్డు దక్కింది. అదే నెలలో లూకా డోంచిచ్ అతని మీదుగానే షాట్ కొట్టి డల్లాస్‌ను 109-108తో గెలిపించాడు. 2025లో ఇద్దరు పొడుగువాళ్లున్న ఓక్లహోమా టైటిల్ కొట్టింది. వాళ్లలో హోమ్‌గ్రెన్ మూడు పాయింట్ల గీత దాకా వెళ్లి కాయగలడు.

ఈ పాఠం మనకూ వర్తిస్తుంది: నల్గొండ, మహబూబ్‌నగర్ బడి మైదానాల్లో పొడుగు పిల్లాడు దొరికితే బుట్ట కింద నిలబెట్టి వదిలేయకూడదు. అడ్డంగా అడుగులు వేయడం అతనికి నేర్పాలి, తమ మనిషిని వదలకుండా కాయడం మిగతా నలుగురికీ నేర్పాలి.