హాలీ, కల్దారు: నాణెపు వ్యవహారమున కొన్ని మాటలు

హైదరాబాదునుండి నాగార్జునసాగరమునకు పోవు బాటపై యాచారము కలదు. నిజాము ప్రభుత్వకాలమున ఈ ఇబ్రహీంపట్నపు ప్రాంతమున చెల్లినది హాలీ సిక్కా. అచ్చటినుండి దక్షిణముగా సాగి కృష్ణను దాటినచో మాచర్ల సీమ. అది ఆంగ్లేయుల మద్రాసు రాజధానిలోనిది. అందు చెల్లినది కల్దారు. ఇరుగట్లను తెలుగే, ఇరుగట్లను పేరు రూపాయియే, విలువ మాత్రము వేరు. నాణెములతో పనిగలవారి మాటలను వినోదముగా ఏరి కూర్చుట కలదు. అవి విలువభేదమునుండి, దానివలని నష్టభయమునుండి పుట్టినవని మేము తలంచుచున్నాము.

'సిక్కా' అరబ్బీ పదము. నాణెముపై ముద్రవేయు అచ్చు దాని తొలి యర్థము. 'హాలీ' యనగా ప్రస్తుతము చెల్లునది. అట్లు చెప్పవలసి వచ్చుటయే పూర్వస్థితిని తెలుపుచున్నది: రాజ్యమున పలువిధముల రూపాయలు తిరుగుచుండెడివి. చందూలాలు సోదరుని పేర 'గోవింద్ బక్షీ' యను రూపాయి యట్టిది. 'కల్' అనగా యంత్రము. యంత్రమున ముద్రించినది కల్దారు. సుత్తెతో కొట్టిన నాణెముల నడుమ ఈ పేరు సార్థకము. నిజాము టంకసాలలోను 'చర్ఖీ' రూపాయలు వెలువడెను. 1903 ప్రాంతమున సైఫాబాదు టంకసాలతో చార్మినారు బొమ్మగల రూపాయి వచ్చెను. ఇదియు యంత్రముద్రితమే. అయినను జనము దీనిని కల్దారనలేదు. పేరు పనితనమును విడిచి ప్రభుత్వమును పట్టుకొన్నది.

ఏడు హాలీ రూపాయలకు ఆరు కల్దారు రూపాయలు మారకము. నూరు కల్దారునకు 116 రూపాయల 10 అణాల 8 పైసలు హాలీ. ఇది షరాబుల కల్పన కాదు. హాలీ రూపాయి తూకము సుమారు 11.18 గ్రాములు, అందు వెండి నూటికి 82 పాళ్లకు మించదు, కల్దారు 11.66 గ్రాములు, వెండి దాదాపు 92 పాళ్లు. లెక్కించిచూడ వెండి నిష్పత్తియు ఇంచుమించు ఆరేడులే. కావున పత్రమున 'నూరు రూపాయలు' అని మాత్రము వ్రాసి, ఏ సిక్కాయో వ్రాయనిచో, ఋణగ్రస్తుడైన రైతునకు పదునారు రూపాయలకు పైబడిన చిక్కు. ఆ ఒక్క విశేషణమునకు ఒక దుక్కిటెద్దు వెలలో కొంత భాగము ముడివడియున్నది! ఒక రూపాయి మార్చుకొన్నను 1 రూపాయి 2 అణాల 8 పైసల లెక్క. చిల్లరలో నోటిలెక్క రానివానికి మిగులునది స్వల్పము. మారకమున కోతపడునది 'వట్టము'. మేలిమిని చెప్పు 'నాణ్యము' సైతము నాణెమునకు చుట్టమే.

సేకరించువారి భాష వేరొక త్రోవ పట్టినది. మీర్ ఉస్మాన్ అలీఖాను రూపాయిపై చార్మినారు ద్వారమున ఆయన పేరి తొలి యక్షరము 'ఐన్' కలదు. మహబూబు అలీఖాను నాణెములపై ఆ చోట 'మీమ్'. పట్టికలలో ఐన్ పూర్తిగా ఉన్నదా, కురుచగా ఉన్నదా యని రకములను వేరుచేయుదురు. షరాబు త్రాసున తూచెను. వీరు అక్షరమును చదువుచున్నారు. ఒకే రూపాయికి రెండు పరిభాషలు, రెండు వెలలు.

1948లో సంస్థానము భారతదేశమున చేరినపిదప హాలీ క్రమముగా తొలగెను. 1957 ఏప్రిలు 1న దశాంశ నాణెములు వచ్చెను. అణాలెక్కలో రెండణాలు 'బేడ', నాలుగణాలు 'పావలా'. పావలా సరిగా 25 నయాపైసలైనది. బేడకు పండ్రెండున్నర పైసలు రావలెను, అట్టి నాణెము లేదు. బేడ వాడుకనుండి జారిపోయెను. పావలా నాణెము 2011 జూను 30తో చెల్లుబాటు కోల్పోయినను, మాట పోలేదు. మహిళాసంఘముల ఋణములకై ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము పెట్టిన పథకము పేరు 'పావలా వడ్డీ'. నూటికి నెలకొక పావలా, అనగా ఏటికి మూడు రూపాయలు.