అరవై సెకన్ల కౌంట్‌డౌన్

ఇంట్లో కంప్యూటర్ దానంతటదే ఆగి మళ్ళీ మొదలవుతోందని నాకు ఫోన్ చేసేవాళ్ళు, నేను ఏమీ అడక్కముందే "వైరస్ అయ్యుంటుంది కదండీ" అంటారు. ఈ అనుమానం మనకి గట్టిగా పట్టుకున్న రోజు ఒకటుంది, 2003 ఆగస్టు 11. ఆ రోజు బ్లాస్టర్ అనే వర్మ్ బయటపడింది.

అప్పటిదాకా ఇళ్ళలో వైరస్ అంటే ఈమెయిల్లో వచ్చిన ఫైలు ఎవరో తెరవడం. 2000లో ఐలవ్యూ అలాగే పాకింది. బ్లాస్టర్‌కి ఎవరూ ఏదీ తెరవక్కరలేదు. విండోస్ ఎక్స్‌పీ గానీ 2000 గానీ ఉన్న కంప్యూటర్‌ని నెట్‌కి తగిలిస్తే చాలు. కాసేపటికి తెరమీద ఒక పెట్టె వచ్చేది. 60, 59, 58... సున్నా రాగానే రీస్టార్ట్.

ఆ పెట్టె వర్మ్ రాసినవాడు పెట్టింది కాదు, విండోస్‌దే. ప్రోగ్రాములు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి ఆర్‌పీసీ అనే సర్వీసు ఉంటుంది. అది పడిపోతే మిగతావి సరిగ్గా నడవవు. అందుకని అది ఆగితే నిమిషంలో కంప్యూటర్‌ని మళ్ళీ మొదలుపెట్టాలని ముందే ఏర్పాటు చేశారు. వర్మ్ ఆ సర్వీసుకే పట్టలేనంత సందేశం పంపేది. అవతల ఉన్నది ఎక్స్‌పీయా, 2000నా అన్నది దానికి తెలియదు, ఊహించి కొట్టేది. ఊహ తప్పితే సర్వీసు కూలేది. అంటే మాటిమాటికీ రీస్టార్ట్ అయ్యే కంప్యూటర్లో వర్మ్ లేకపోవచ్చు కూడా! బయటినుంచి ఇంకెవరిదో కంప్యూటర్ తలుపు బాదుతోందంతే.

మందు లేక కాదు. సరిచేసే ప్యాచ్ జులై 16నే వచ్చింది, దాదాపు నాలుగు వారాల ముందు. కానీ ఫోన్ లైను మోడెం మీద అది దిగడానికి నిమిషాలు పట్టేది, మన చేతిలో ఉన్నది ఒక్క నిమిషం. విసుగెత్తి ఫార్మాట్ చేసి పాత సీడీతో విండోస్ మళ్ళీ వేసుకున్నవాళ్ళకీ అదే గతి. ఆ సీడీలో ప్యాచ్ ఉండదు కదా. తెలిసినవాళ్ళు రన్‌లో షట్‌డౌన్ మైనస్ ఏ అని కొట్టి లెక్క ఆపి, ఫైర్‌వాల్ వేసి, అప్పుడు ప్యాచ్ దింపుకునేవారు. ఫైర్‌వాల్ ఎక్స్‌పీలో మొదటినుంచీ ఉంది. కాకపోతే ఆపి ఉంచి ఇచ్చేవారు. 2004 ఆగస్టులో వచ్చిన సర్వీస్ ప్యాక్ 2తోనే అది తనంతట తాను పనిచేయడం మొదలైంది.

ఆగస్టు 18న ఇంకో విచిత్రం. వెల్చియా అనే మరో వర్మ్ వచ్చి, బ్లాస్టర్‌ని తుడిచి ప్యాచ్ వేయబోయింది. చెప్పకుండా ఇంట్లో దూరి గిన్నెలు తోమిపెట్టినట్టు! ఆ సేవ వల్ల నెట్‌వర్కులు కిక్కిరిసిపోయాయి. నా లెక్కలో అదీ దొంగతనమే. బ్లాస్టర్‌ని కాస్త మార్చి వదిలిన మినెసోటా కుర్రాడికి 2005లో 18 నెలల జైలు పడింది. అసలు రాసినవాడు దొరకలేదు. 2004లో సాసర్ వచ్చినప్పుడు మళ్ళీ అదే అరవై సెకన్ల పెట్టె.

ఇప్పుడు ఇంటి కంప్యూటర్ ఉన్నట్టుండి రీస్టార్ట్ అయితే నేను ముందు చూసేది ఫ్యాన్‌లో దుమ్ము, తరవాత పవర్ సప్లై, మెమరీ, రాత్రిపూట పడిన అప్‌డేట్. పాత భయం మాత్రం కొందరికి వ్యాపారమైంది. "మీ కంప్యూటర్లో వైరస్ ఉంది" అని ఫోన్ చేసి, ఈవెంట్ వ్యూయర్ తెరిపించి, అందులోని ఎర్ర గుర్తులు చూపించి డబ్బు అడుగుతారు. పెద్దవాళ్ళు హడలిపోతారు. ఆ ఎర్ర గుర్తులు బాగున్న కంప్యూటర్లోనూ ఉంటాయి. కెర్నెల్ పవర్ 41 అని కనిపిస్తే, కంప్యూటర్ పద్ధతిగా ఆగకుండా మళ్ళీ మొదలైందని అర్థం, అంతే. ఇక్కడ ఒంటరిగా పగలంతా ఇంట్లో ఉండే అమ్మానాన్నలకి ఈ ఒక్క సంగతి ఈ రాత్రే చెప్పండి.