బడికి వచ్చిన యంత్రాలు – ఉపాధ్యాయుని స్థానం

మన బడులలో యంత్రాల చరిత్ర ఎక్కడ దొరుకుతుందని ఎవరైనా అడిగితే స్టాకు రిజిస్టరు చూడమని చెప్పాలి. రేడియో ఏ ఏడాది వచ్చింది, టీవీ ఎప్పుడు వచ్చింది, కంప్యూటర్లు ఎన్ని దించారు, ఎన్ని చెడిపోయాయి, అన్నీ అందులో వరసగా ఉంటాయి. ఆ యంత్రంతో పాఠం చెప్పటం ఎవరికి నేర్పారు, ఎన్ని రోజులు నేర్పారు, తర్వాత వచ్చిన సందేహాన్ని ఎవరు తీర్చారు అన్నది మాత్రం ఆ రిజిస్టరులో ఉండదు. అందుకు గడి కూడా లేదు. విద్యా సాంకేతికత గురించి మనం చేసే చర్చంతా సాధారణంగా యంత్రం మంచిదా చెడ్డదా అన్నచోట మొదలై అక్కడే ముగుస్తుంది. ఆ యంత్రం ముందు నిలబడే మనిషి శ్రమ గురించి అడిగినవాళ్ళు తక్కువ. ఈ వ్యాసం ఆ ప్రశ్నతో ఒక యాభై ఏళ్ళ చరిత్రను చూసే ప్రయత్నం.

ఈ చరిత్రకు మొదటి ముఖ్యమైన తేదీ 1975 ఆగస్టు 1. అమెరికా అంతరిక్ష సంస్థ నాసాకు చెందిన ఏటీఎస్-6 అనే ఉపగ్రహాన్ని ఒక్క సంవత్సరానికి మన దేశం వాడుకునేట్టు 1969లో ఒప్పందం కుదిరింది. దాని ప్రకారం ఆరు రాష్ట్రాలలోని సుమారు 2400 గ్రామాలకు టీవీ ప్రసారాలు నేరుగా ఉపగ్రహం నుంచే అందాయి. ఆంధ్రప్రదేశ్ ఆ ఆరింటిలో ఒకటి. మా పాలమూరు జిల్లా గ్రామాలు కూడా అందులో ఉన్నాయి. 'సైట్' అని పిలిచిన ఈ ప్రయోగం 1976 జూలై 31తో ముగిసింది. హైదరాబాదుకు దూరదర్శన్ కేంద్రం వచ్చింది 1977 అక్టోబరులో. అంటే రాజధాని నగరం కన్నా ముందు కరువు జిల్లాల పల్లెలు టీవీ చూశాయి. ఇది మన సాంస్కృతిక చరిత్రలో తగినంతగా గుర్తించని విషయం.

ఆ ఏడాది మొత్తం ఎమర్జెన్సీలోనే గడిచింది. తెలుగు రచయితలు జైళ్ళలో ఉన్న కాలంలో ప్రభుత్వం పల్లెల నడుమ టీవీ సెట్లు పెట్టింది. ఏలినవారి మాటను పల్లెకు చేరవేసే సాధనంగా దాన్ని అనుమానించినవాళ్ళ అనుమానం నిరాధారం కాదు. కాని అక్కడితో ఆగితే ఆ ప్రయోగంలో మనకు పనికివచ్చే భాగాన్ని పోగొట్టుకుంటాం.

ఉదయం పూట బడిపిల్లల కార్యక్రమం వచ్చేది. ఒక్కొక్క భాషకు ఇరవై రెండున్నర నిమిషాలు. హిందీ, కన్నడం, ఒరియా, తెలుగు. సెట్టు చాలాచోట్ల బడిలోనే ఉండేది కనుక దాన్ని కాపాడే బాధ్యత తరచు పంతులు మీదే పడేది. మీట నొక్కటం, పిల్లల్ని వరసగా కూర్చోబెట్టటం, అయిపోయాక తాళం వెయ్యటం. పాఠం ఎక్కడో స్టూడియోలో తయారై వస్తుంది. ఇక్కడి పంతులు కాపలాదారు. యంత్రం బడికి వచ్చిన మొదటి ఏడాదే ఉపాధ్యాయునికి ఇచ్చిన స్థానం ఇది.

అయితే అదే ఏడాది, అదే సెట్టుతో, దీనికి పూర్తిగా విరుద్ధమైన పని కూడా జరిగింది. ప్రాథమిక పాఠశాలల ఉపాధ్యాయులకు సైన్సు బోధనలో పన్నెండు రోజుల శిక్షణ ఇచ్చారు. ఏడాదిలో రెండు విడతలుగా సుమారు 48,000 మంది ఈ శిక్షణ పొందారు. విడతకు 24,000 మంది, టీవీ ఉన్న గ్రామాలు 2400. లెక్క వేసుకుంటే ఒక్కో సెట్టు ముందు సగటున పదిమంది. చుట్టుపక్కల ఊళ్ళ పంతుళ్ళు పదిమంది పన్నెండు రోజులు ఒకచోట చేరారన్నమాట. టీవీ ఒక్కటే కాదు, రేడియో ప్రసారం, అచ్చువేసిన మార్గదర్శక పుస్తకం, చేతులతో చేసి చూసే ప్రయోగాలు, వాటి మీద చర్చ, ఇవన్నీ కలిపి ఆ శిక్షణను రూపొందించారు.

ఇక్కడ మనం గమనించవలసింది యంత్రం ఎవరికి పనిచేసిందన్నది. పొద్దున పిల్లల కార్యక్రమంలో పంతులు యంత్రానికి సాయం చేశాడు. శిక్షణలో యంత్రం పంతులుకు సాయం చేసింది. మొదటిదానిలో అతను పక్కన నిలబడ్డాడు. రెండవదానిలో ప్రయోగం అతని చేతిలో ఉంది, చర్చ అతని తోటివారితో ఉంది. ఉపగ్రహం వెళ్ళిపోయినా ఆ పన్నెండు రోజుల పని అతనితో మిగిలే వీలుంది. ఇంకొక సంగతి. సెట్టు చెడితే బాగుచేసేవాళ్ళు జీపులో ఊరికి వచ్చేవాళ్ళు. ప్రయోగం ఆగకూడదు కనుక ఆ ఏర్పాటు జరిగింది. తర్వాతి కాలంలో బడికి వచ్చిన ఏ యంత్రానికైనా అలాంటి జీపు వచ్చిందా అని సర్వీసులో ఉన్న ఏ ఉపాధ్యాయుణ్ణి అడిగినా జవాబు తెలుస్తుంది.

ఒప్పందం ముగిసింది, ఉపగ్రహం తరలిపోయింది. అద్దె యంత్రం మీద కట్టిన చదువు ఎంతకాలం నిలుస్తుందో అప్పుడే తెలిసివచ్చింది. కాని మన పాలకులు ఆ ఏడాది నుంచి నేర్చుకున్నది పదిమంది పంతుళ్ళ గది గురించి కాదు, సెట్టు గురించి. 1983లో ఇన్శాట్-1బి వచ్చింది. 1986 జాతీయ విద్యావిధానం తర్వాత నల్లబల్ల పథకం, దానితోపాటు విద్యా సాంకేతిక పథకం వచ్చాయి. ప్రాథమిక పాఠశాలలకు రేడియో కం క్యాసెట్ ప్లేయర్లు ఇవ్వటానికి కేంద్రం పూర్తి ఖర్చు భరించింది.

నేను ప్రాథమిక పాఠశాలలో చదువుకున్నది ఆ రోజులలోనే. మా బడిలో ఒక క్యాసెట్ ప్లేయరు ఉండేది. అట్టపెట్టెలోనే ఉండేది, అట్టపెట్టె బీరువాలో ఉండేది. పంద్రాగస్టుకు ఒకసారి బయటికి తీసి పాటలు పెట్టినట్టు గుర్తు. మా సారు బద్ధకస్థుడేమీ కాదు. ఎండలో మమ్మల్ని చెరువుకట్ట మీదికి తీసుకుపోయి ఆకులు, మట్టి చూపించి పాఠం చెప్పిన మనిషి. అయినా ఆ పెట్టె ఎందుకు తెరవలేదో నేను ఉద్యోగంలో చేరాక గాని అర్థం కాలేదు. వస్తువు పాడైతే ఆడిట్లో ఎవరి పేరు రాస్తారు, జీతంలోంచి రికవరీ పెడతారా అన్న భయం ఒక పక్క. దానితో ఏ పాఠం ఎలా చెప్పాలో చెప్పినవాడు లేకపోవటం ఇంకొక పక్క. వాడితే నేరం కావచ్చు, వాడకపోతే ఎవరూ అడగరు. ఈ పరిస్థితిలో బీరువాకు తాళం వేసినవాణ్ణి మారని మనిషని నిందించటం అన్యాయం.

ఆ దశలోనే దీనికి భిన్నమైన ప్రయత్నం మన రాష్ట్రంలో జరిగిందని మరవకూడదు. బ్రిటన్ ఆర్థిక సహాయంతో 1980ల నడుమ ప్రయోగంగా మొదలై, 1989 నుంచి విస్తరించిన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం ఉపాధ్యాయ కేంద్రాలు ఏర్పాటు చేసింది. ఇరుగుపొరుగు బడుల పంతుళ్ళు అక్కడ కలుసుకుని తాము తయారుచేసిన బోధనోపకరణాలు చూపించుకునేవాళ్ళు. విదేశీ నిధుల మీద మనకు ఉండవలసిన విమర్శ ఉండనే ఉంది. నిధులు ఆగితే ఏర్పాటు నీరసించటం కూడా చూశాం. అయినా పంతులు తన పని గురించి తోటి పంతులుతో మాట్లాడుకునే చోటు ఒకటి ఉండాలన్న ఆలోచన సరైనది. అట్టముక్కలు, పుల్లలు, సీసామూతలతో చేసిన ఉపకరణం కూడా విద్యా సాంకేతికతే. దాని గురించి అడిగి తెలుసుకునే మనిషి పక్కన ఉన్నాడు కనుక అది బీరువాలోకి పోలేదు.

2008 ప్రాంతంలో ఉన్నత పాఠశాలలకు కంప్యూటర్లు వచ్చాయి. కంపెనీలే యంత్రాలు పెట్టి, కొంతకాలం నడిపి, తర్వాత బడికి అప్పగించే పద్ధతి. నేర్పేవాళ్ళు కూడా కంపెనీ మనుషులే, చాలీచాలని జీతంతో. దీని ఫలితం ఏమిటి? కంప్యూటరు గది బడిలో ఉండి కూడా బడిది కాకుండా పోయింది. లెక్కల సారుకు, సోషల్ టీచరుకు ఆ గదితో సంబంధం లేదు. గడువు తీరాక నేర్పేవాళ్ళు వీధిన పడ్డారు, యంత్రాలు దుమ్ముకొట్టుకున్నాయి. ఆ గదిని తర్వాత పరీక్ష పేపర్ల కట్టలు పెట్టుకోవటానికి వాడటం నేను స్వయంగా చూశాను.

2020లో కరోనా వచ్చినప్పుడు తెలంగాణలో సెప్టెంబరు 1 నుంచి టీవీలో పాఠాలు మొదలయ్యాయి. నలభై అయిదేళ్ళ తర్వాత పంతులు మళ్ళీ టీవీ పాఠానికి కాపలాదారయ్యాడు. ఈసారి ఇల్లిల్లూ తిరిగి, ఎవరు చూశారో ఎవరు చూడలేదో రాసుకున్నాడు. 2022 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్‌లో ముఖం గుర్తుపట్టి హాజరు వేసే యాప్‌ను ఉపాధ్యాయుల సొంత ఫోన్లలో పెట్టమన్నారు. ఉపాధ్యాయ సంఘాలు వ్యతిరేకించాయి. అదే ఏడాది డిసెంబరులో ఎనిమిదవ తరగతి పిల్లలకూ వాళ్ళ టీచర్లకూ కలిపి 5 లక్షలకు పైగా ట్యాబులు పంచారు. అందులోని పాఠాలు ఒక ప్రైవేటు కంపెనీవి. 2024లో ఆ కంపెనీ మీద దివాలా చర్యలు మొదలయ్యాయి. 1976లో తరలిపోయిన ఉపగ్రహం ఈ సందర్భంలో గుర్తురాక మానదు.

ఇలా వరసగా చూసినప్పుడు ఒక మార్పు స్పష్టంగా కనబడుతుంది. మొదట పంతులు యంత్రాన్ని కాపాడాడు. ఇప్పుడు యంత్రం పంతుల్ని కనిపెడుతోంది. రెండింటిలోనూ అతను బోధకుడుగా లేడు. ఉపాధ్యాయులు సాంకేతికతకు వ్యతిరేకులనే మాట పత్రికలలో తరచు వింటాం. 1975–76లో పన్నెండు రోజులు సెట్టు ముందు కూర్చుని ప్రయోగాలు చేసినవాళ్ళు ఈ వర్గంవాళ్ళే కదా! యంత్రం తన పాఠానికి పనికివస్తుందని తెలిసినచోట పంతులు దాన్ని ఎన్నడూ కాదనలేదు. కాదన్నది తనను నమ్మని యంత్రాన్ని.

కనుక మన కోరికలు స్పష్టంగా ఉండాలి. కొత్త యంత్రం వచ్చిన బడిలో దాన్ని నేర్చుకునే గంటలు టైంటేబులులోనే ఉండాలి, ఆదివారం మీద పడకూడదు. సందేహం వస్తే అడగటానికి మండలంలో ఒక మనిషి ఉండాలి, ఫోను నంబరు చాలదు. పిల్లల చేతిలో వాడుతూ పాడైన వస్తువుకు రికవరీ పెట్టరాదు. పాఠం తయారీలో ఆ తరగతికి పాఠం చెప్పేవాడి మాట చెల్లాలి.

ఇంకొక పని ప్రభుత్వం చేసేది కాదు, మనదే. ఆ పన్నెండు రోజుల శిక్షణకు పాతికేళ్ళ వయసులో వెళ్ళిన ఉపాధ్యాయులకు ఇప్పుడు డెబ్బై అయిదు దాటి ఉంటాయి. పాలమూరు, మెదక్ పల్లెల్లో వాళ్ళు ఇంకా ఉన్నారు. ఆ గదిలో ఏమి నేర్చుకున్నారు, బడికి తిరిగి వచ్చి ఏమి చెయ్యగలిగారు, ఏమి చెయ్యలేకపోయారు, ఎందుకు? స్టాకు రిజిస్టరులో లేని ఈ చరిత్ర వాళ్ళ నోటనే ఉంది. మన సంఘం మిత్రులు, ముఖ్యంగా బడుల్లో పనిచేస్తున్నవాళ్ళు, తమ ఊళ్ళోని రిటైరైన సారు ఇంటికి ఒక సాయంత్రం వెళ్ళి అడిగి రాసుకురావాలని నా విజ్ఞప్తి. ఆలస్యం చేస్తే అడగటానికి ఎవరూ మిగలరు.