ముగ్గురు టైపిస్టులూ, ఒక యూనిక్సూ

నలుగురున్న టీము, రెండు నెలల పని. దానికి కూడా ఓ గాంట్ చార్టు, ఓ రిస్కు రిజిస్టరు, వారం వారం స్టేటస్ రిపోర్టు. "నువ్వే చూస్కో" అని చేతిలో పెట్టే మేనేజరు ఎలా చూస్కోవాలో మాత్రం చెప్పడు. మనలో చాలామందికి ఇది అనుభవమే కదా!

అసలీ పనిముట్లు ఎక్కడివి? పెర్ట్ అనే పద్ధతి 1958 ప్రాంతంలో అమెరికా నౌకాదళం పొలారిస్ క్షిపణి కోసం పుట్టించింది. లెక్కలేనంత మంది కాంట్రాక్టర్లున్న యవ్వారం. తమాషా ఏంటంటే, ఆ ప్రాజెక్టు చరిత్ర మీద 1972లో పుస్తకం రాసిన హార్వే సపోల్‌స్కీ, పెర్ట్ వల్ల పని నడిచిన దానికంటే పైవాళ్ళ జోక్యాన్ని ఆపడమే ఎక్కువ జరిగిందని తేల్చాడు. చార్టు చూపిస్తే ఎవరూ నోరెత్తరన్నమాట!

ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్ పుట్టింది 1969లో. సరిగ్గా అదే ఏడాది ఎమ్మైటీ, జనరల్ ఎలక్ట్రిక్‌లతో కలిసి చేస్తున్న మల్టిక్స్ అనే భారీ ప్రాజెక్టు నుంచి బెల్ ల్యాబ్స్ తప్పుకుంది. (మల్టిక్స్ మునిగిపోయిందనుకునేరు, దాని చివరి మెషీను 2000 దాకా నడిచింది.) అక్కడ మిగిలిపోయిన కెన్ థాంప్సన్, ఎవరూ పెద్దగా వాడని ఓ పీడీపీ-7 మీద కొద్ది వారాల్లోనే యూనిక్స్‌కి మొదటి రూపం ఇచ్చేశాడు.

ఇక్కడిదాకా అందరూ చెప్పే కథే. నాకు నచ్చేది ఆ తర్వాతి భాగం. పెద్ద మెషీను కొనివ్వండని థాంప్సన్, డెన్నిస్ రిచీ వాళ్ళు ఎన్నిసార్లు అడిగినా పైవాళ్ళు ఒప్పుకోలేదు. దాంతో 1970లో అడిగే తీరు మార్చారు. దాదాపు 65,000 డాలర్ల పీడీపీ-11 ఇప్పిస్తే, డాక్యుమెంట్లు తయారుచేసే సిస్టమ్ కట్టిస్తామన్నారు. ఈసారి పని జరిగింది.

తర్వాత అక్కడి పేటెంట్ విభాగం ఏదో బయటి సిస్టమ్ కొందామని చూస్తోందని తెలిసింది. పేటెంట్ ఆఫీసుకి పంపే పేజీల్లో ప్రతి వరసకీ నంబరుండాలి, ఆ బయటి సిస్టమ్‌కి అది చేతకాదు. వీళ్ళు గబగబా తమ రాఫ్ ప్రోగ్రాములో ఆ నంబర్లు వచ్చేలా చేసేశారు. మన భాషలో చెప్పాలంటే రిక్వైర్‌మెంట్స్ గ్యాదరింగ్ అంతా అదే!

1971లో ముగ్గురు టైపిస్టులు పేటెంట్ అప్లికేషన్లు టైప్ చేస్తుంటే, అదే మెషీను మీద వీళ్ళు కొత్త కోడ్ రాసేవాళ్ళు. మెమరీ 24 కిలోబైట్లు, డిస్కు అర మెగాబైటు. మెమరీ ప్రొటెక్షన్ అనేదే లేదు, ఒక్క పిచ్చి పాయింటర్ చాలు, ఆ ముగ్గురి పనీ గంగలో కలవడానికి. ప్రొడక్షన్ సర్వర్ మీదే డెవలప్‌మెంట్ చేయడం అన్నమాట. ఇవాళ ఏ ఆడిటరైనా గుండె పట్టుకుంటాడు. నేనూ దాన్ని సమర్థించను గానీ, తన ప్రోగ్రాము కూలితే ఎవరి పని పోతుందో ఆ మనుషులు కళ్ళముందుంటే వచ్చే జాగ్రత్త ఏ రిస్కు రిజిస్టరు వల్లా రాదని మాత్రం నా నమ్మకం.

పేటెంట్ విభాగం యూనిక్స్‌నే ఖాయం చేసుకుంది. ఆ పేరుతో వీళ్ళకి మరింత పెద్ద మెషీను, పీడీపీ-11/45 కూడా దక్కింది.

అన్నట్టు, 1971 నవంబరు 3 తేదీతో వచ్చిన మొదటి యూనిక్స్ మాన్యువల్ వీలైతే ఓసారి తిరగెయ్యండి. ఒక్కో కమాండు ఏం చేస్తుందో చెప్పాక, కింద 'బగ్స్' అని తెలిసిన లోపాలు రాసుకున్నారు. ఆ కింద 'ఓనర్' అని ఓ శీర్షిక, దాని పక్కన చాలా చోట్ల కెన్ అనో డీఎంఆర్ అనో ఓ లాగిన్ పేరు.