ఇటుక గోడ లేని లాండ్రీలు

పోస్టు కొంచెం పెద్దగైంది. రేపు సెలవే కదా, చాయ్ పెట్టుకొని నిమ్మళంగ చదవండి.

మా క్యాంపు పక్క రోడ్డు మీద ఒక తమ్ముడు లాండ్రీ పెడదామనుకున్న సంగతి మీలో కొందరికి తెలుసు. కఫీల్‌తో మాట్లాడిండు, షట్టర్ అద్దెకు చూసుకున్నడు, అడ్వాన్సు కూడ కట్టిండు. కాగితాలు పెడితే “ఈ జాగ ఆ పనికి కాదు” అని వాపస్ పంపిండ్రు. అదే వరుసలో రెండు షట్టర్ల అవతల ఇంకో లాండ్రీ నడుస్తనే ఉన్నది. హైదరాబాదులో లా చదివే మా అక్క కొడుకుకు ఫోన్ల ఈ ముచ్చట చెప్తే, “మామా, సరిగ్గ లాండ్రీల మీదనే అమెరికాలో పెద్ద కేసు ఉన్నది” అన్నడు. రెండు వారాలు వాణ్ణి సతాయించి తెలుసుకున్నది ఇది.

ఊరు శాన్‌ఫ్రాన్సిస్కో. బంగారం తవ్వడానికి, తర్వాత రైలు పట్టాలు వెయ్యడానికి చైనా నుంచి వేలమంది వచ్చారు. పట్టాల పని 1869లో అయిపోయింది. ఆ తర్వాత ఏం చెయ్యాలి? పెట్టుబడి పెద్దగా అక్కర్లేని పని బట్టలు ఉతకడం. నీళ్ళు, సబ్బు, పొయ్యి, ఇస్త్రీపెట్టె ఉంటే చాలు. ఊరంతా రోడ్ల పక్కన వాళ్ళ లాండ్రీలు లేచాయి. ఊరివాళ్ళకు కన్ను కుట్టింది. 1877 జూలైలో జరిగిన అల్లర్లలో వాళ్ళ లాండ్రీల మీద పడి ధ్వంసం చేశారు.

కొట్టడం ఒక పద్ధతి, రూలు రాయడం ఇంకో పద్ధతి. 1870లలోనే ఒక ఫీజు పెట్టారు. లాండ్రీ బండికి ఒక గుర్రం ఉంటే మూడు నెలలకు 2 డాలర్లు. గుర్రమే లేకపోతే 15 డాలర్లు. ఇదేం లెక్క అనుకుంటారేమో. చైనావాళ్ళు బట్టల మూటలు భుజం మీద మోసేవాళ్ళు, వాళ్ళకు గుర్రం ఎక్కడిది? రూలులో మాత్రం చైనా అనే మాటే లేదు.

1880లో అసలు రూలు వచ్చింది. ఇటుకతోనో రాయితోనో కట్టిన బిల్డింగులో లాండ్రీ ఉంటే ఫరవాలేదు. చెక్క ఇంట్లో నడపాలంటే బోర్డ్ ఆఫ్ సూపర్‌వైజర్స్ పర్మిషన్ కావాలి. (పేరు విని నవ్వొచ్చింది. నేనూ సూపర్‌వైజర్‌నే, కాని వాళ్ళు ఊరిని ఏలే సభ్యులు.) డాబా మీద కర్రలతో స్కాఫోల్డింగ్ కట్టాలన్నా వాళ్ళనే అడగాలి. బట్టలు ఆరేసేది ఆ కర్రల మీదనే. కారణం నిప్పు భయం అన్నారు.

ఇరవై ఏళ్ళుగా సైట్ల మీద ఉన్నవాణ్ణి, నిప్పు భయాన్ని నేను తేలిగ్గ తీసుకోను. పొయ్యి రాత్రింబగళ్ళు మండే చోట చెక్క గోడ అంటే ప్రమాదమే. కాని అప్పుడు ఊళ్ళో ఉన్న సుమారు 320 లాండ్రీలలో 310 చెక్కవే. అసలు ఆ ఊళ్ళో పదింట తొమ్మిది ఇళ్ళు చెక్కవే. నిజంగ నిప్పు గురించే అయితే పొయ్యి చూడాలి, పొగగొట్టం చూడాలి, చూసి సర్టిఫికెట్ ఇవ్వాలి. అది చూసేటోళ్ళు వేరే ఉన్నారు, ఫైర్ వార్డెన్లు.

లీ ఇక్ అనే ఆయన 1861లో వచ్చి, ఒకే జాగలో 22 ఏళ్ళు లాండ్రీ నడిపాడు. దుకాణం పేరు ఇక్ వో. ఫైర్ వార్డెన్లు వచ్చి చూసి 1884లో బాగుందని కాగితం ఇచ్చారు. హెల్త్ ఆఫీసరూ ఇచ్చాడు. 1885లో బోర్డు పర్మిషన్ అడిగితే ఇవ్వలేదు. అయినా షట్టర్ దించలేదాయన. 10 డాలర్ల జరిమానా వేశారు. కట్టకపోతే రోజుకు డాలర్ చొప్పున 10 రోజుల జైలు. ఆయన జైలుకు పోయాడు. మొత్తం 150 మందికి పైగా చైనావాళ్ళను ఇట్లనే పట్టుకున్నారు.

వాళ్ళకు లాండ్రీల సంఘం ఒకటి ఉండేది. ఒక్కొక్కడు ఒక్కో వకీలును పెట్టుకోకుండా కలిసి కొట్లాడారు. కాలిఫోర్నియా కోర్టులో ఓడిపోయారు. సుప్రీంకోర్టుకు పోయారు. అక్కడ వాళ్ళను గెలిపించినవాటిలో ముఖ్యమైంది ఒక లెక్క. పర్మిషన్ అడిగిన చైనావాళ్ళు సుమారు 200 మంది, ఒక్కరికీ రాలేదు. అడిగిన మిగతావాళ్ళు సుమారు 80 మంది, ఒక్కరికి తప్ప అందరికీ వచ్చింది. అందరివీ అవే చెక్క ఇళ్ళు!

1886 మే 10న జడ్జి స్టాన్లీ మాథ్యూస్ తీర్పు రాశాడు. రూలు రాతలో అందరికీ ఒకటే ఉన్నా, అమలులో ఒక జాతినే తొక్కితే అది చెల్లదన్నాడు. వాళ్ళ రాజ్యాంగం 14వ సవరణలో ఉన్న మాట పౌరుడు కాదు, మనిషి. కాబట్టి పరాయి దేశపోడికి కూడ ఆ రక్షణ ఉంటుందన్నాడు. చైనా కూలీలు రాకుండా 1882లోనే చట్టం చేసిన దేశంలో ఈ తీర్పు వచ్చింది. ఇప్పుడు ఆ ఊళ్ళో ఒక బడికి ఇక్ వో అని పేరు.

కథ ఇక్కడ ఆపితే నాకూ బాగుండు. కాని అదే కాలిఫోర్నియాలో మొడెస్టో అనే చిన్న ఊరు 1885లో వేరే దారి పట్టింది. పర్మిషన్ల జోలికే పోలేదు. మ్యాపు మీద గీత గీసింది. రైలు పట్టాలకు పడమర, జీ స్ట్రీట్‌కు దక్షిణం ఉన్న ముక్కలోనే లాండ్రీలుండాలి, వేరేచోట పెడితే నేరం. హాంగ్ కీ అనే ఆయన కేసులో కాలిఫోర్నియా కోర్టు ఆ గీత సరైనదే అన్నది. అదీ 1886లోనే. తర్వాత లాస్ ఏంజెలెస్ 1908లో ఇళ్ళ మధ్య లాండ్రీలు వద్దని రూలు చేస్తే, 1911లో అదీ నిలబడ్డది. ఇప్పుడు చాలా నగరాల్లో ఉన్న జోనింగ్‌కు మొదటి గీతల్లో ఈ లాండ్రీల గీత ఒకటి. మనం కట్టే ప్రతి బిల్డింగు డ్రాయింగులో ప్లాట్ యూజ్ అని రాసి ఉంటది కదా, అది చూసినప్పుడల్లా ఇప్పుడు నాకు ఆ రైలు పట్టాలు యాదికొస్తున్నయి.

జోనింగే తప్పని నేననను. పిల్లలు పండుకునే ఇంటి పక్క వెల్డింగ్ షాపు ఎవరికి కావాలి? ఇక్కడి చట్టం వేరు, అమెరికా తీర్పు పట్టుకొని ఇక్కడ కౌంటర్ ముందు నిలబడితే నవ్వుతరు. మా తమ్ముడి విషయంలో కూడ ఆ రెండో లాండ్రీ, ప్లాన్ మారకముందు లైసెన్సు తీసుకున్నదేమో, ముందు అది తేల్చుకోవాలె. అందుకే వాడికి కోపం పక్కన పెట్టి కాగితం తియ్యమన్న. ఆ వరుసలో ఎన్ని షట్టర్లు, ఏ దుకాణం ఏ సంవత్సరం తెరిచిండ్రు, ఎవరికి వచ్చింది, ఎవరికి రాలేదు, అన్నీ రాసుకొమ్మన్న. పదకొండు షట్టర్లలో ఏడింటివి రాసిండు. మిగతా నాలుగింటి సంగతి ఎవరికన్న తెలిస్తే ఇన్‌బాక్స్‌ల చెప్పండి, ఆదివారం వాడు మళ్ళ పోతున్నడు.